లెక్కలోకి రాని సెలవులు

అమెరికాలో ఆటిజమో, ఏడీహెచ్‌డీయో ఉన్న పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్లకి బాగా అలవాటైన ఫోను ఒకటుంది. పదకొండు, పన్నెండు మధ్య వస్తుంది. అవతల స్కూలు ఆఫీసు. "బాబుకి ఇవాళ అస్సలు కుదురు లేదు, మీరొచ్చి తీసుకెళ్తే వాడికే మంచిది" అంటారు. గొంతులో కోపం ఉండదు, ఎంతో మర్యాదగా చెబుతారు. మీరు మీటింగు మధ్యలో లేచి, మేనేజరుకి ఏదో సర్దిచెప్పి, కారు తీస్తారు. స్కూలు ఆఫీసులో సంతకం పెట్టి పిల్లాణ్ణి తెచ్చుకుంటారు. సస్పెన్షన్ అన్న మాట ఎవరి నోటా రాలేదు కాబట్టి అది సస్పెన్షన్ కాదనుకుంటారు.

అది సస్పెన్షనే. ఈ అధ్యాయంలో మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు గానీ ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్రవర్తన బాగాలేదని మీ బిడ్డని బడి వేళల్లో ఇంటికి పంపిస్తే, దానికి వాళ్లు ఏ పేరు పెట్టినా, పేరే పెట్టకపోయినా, అది క్రమశిక్షణ చర్య కిందికే వస్తుంది. 2022 జులైలో ఫెడరల్ విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సంగతి నేరుగానే రాశారు. కాగితం లేకుండా ఇంటికి పంపడానికీ కాగితం ఇచ్చి పంపడానికీ ఒకటే నియమాలు. పూట మధ్యలో పంపేసిన రోజుల్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇంతకీ లెక్క ఎందుకు? అక్కడి ప్రత్యేక విద్యా చట్టాన్ని అందరూ ఐడియా అంటారు. క్రమశిక్షణ విషయంలో ఆ చట్టమంతా పది అనే అంకె చుట్టూ తిరుగుతుంది. ఐఈపీ (ఆ చట్టం కింద బిడ్డ కోసం రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) ఉన్న పిల్లవాడు తప్పు చేస్తే, మిగతా పిల్లలకి వర్తించే నియమాల ప్రకారమే, స్కూలు వరసగా 10 బడి రోజుల దాకా సస్పెండ్ చెయ్యొచ్చు. అందులో మనం కాదనేదేమీ లేదు. ఒక విద్యా సంవత్సరంలో మొత్తం 10 రోజులు దాటాయంటే మాత్రం, ఆపైన ఇంటికి పంపిన ప్రతి రోజూ వాడికి చదువు అందించాల్సిన బాధ్యత స్కూలుదే. ఐఈపీలోని లక్ష్యాల మీద పని ఆగకూడదు. ఇక వరసగా 10 రోజులు దాటినా, విడివిడిగా 10 దాటి అవన్నీ ఒకే తరహాలో కనిపిస్తున్నా, దాన్ని ప్లేస్‌మెంట్ మార్పు అంటారు. ఆ దశలో ప్రిన్సిపాల్ ఒక్కరే కూర్చుని నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు. ఆ ప్రవర్తనకీ బిడ్డ వైకల్యానికీ సంబంధం ఉందా లేదా అన్నది మీ ఎదుట తేల్చాలి.

ఇప్పుడా ఫోన్ల సంగతి మళ్లీ ఆలోచించండి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరిలోపు పదిహేనుసార్లు పిల్లాణ్ణి తెచ్చుకున్నారు. రికార్డులో ఉన్నది మాత్రం సున్నా, ఎందుకంటే ప్రతిసారీ "తల్లిదండ్రులు తీసుకెళ్లారు" అని నమోదైంది. మార్చిలో ఏదో పెద్ద గొడవ జరిగి మొదటిసారి అధికారికంగా ఐదు రోజులు సస్పెండ్ చేస్తారు. వాళ్ల లెక్కలో ఐదే. అసలు లెక్క వేస్తే ఇరవై. చట్టం ఇచ్చిన రక్షణ ఎప్పుడో మొదలవ్వాల్సింది, మన మర్యాద వల్ల మొదలవ్వలేదు.

కాబట్టి తీసుకెళ్లమని ఫోను వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది సస్పెన్షనా?" అవునంటే కాగితం ఇమ్మనండి. కాదంటే, "అయితే వాడు స్కూల్లోనే ఉండొచ్చు కదా" అనండి. గొడవ పడక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. ఒక్కోసారి వెళ్లి తెచ్చుకోక తప్పదు, బిడ్డ వెక్కివెక్కి ఏడుస్తున్నాడని తెలిసి ఏ తల్లీ ఫోను పెట్టేయలేదు. తెచ్చుకోండి. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: "ఈ రోజు 11.40కి ఫలానావారు ఫోను చేసి మా అబ్బాయిని ఇంటికి తీసుకెళ్లమన్నారు. కారణం ఫలానా అని చెప్పారు. 12.15కి తీసుకెళ్లాం. దీన్ని ప్రవర్తన కారణంగా బడి నుంచి పంపిన రోజుగా నమోదు చేయగలరు." పొగడ్తలూ వద్దు, నిష్ఠూరాలూ వద్దు. ఆ ఈమెయిల్ కాపీ ఒక ఫోల్డర్లో, తేదీ ఒక క్యాలెండర్లో పెట్టుకోండి. నా ఉద్దేశంలో లాయరు కంటే ముందు మీకు కావాల్సింది ఆ క్యాలెండరే.

స్కూలు బస్సు సంగతి చాలామందికి తెలియదు. ఐఈపీలో రవాణా రాసి ఉండి, అల్లరి చేశాడని బస్సెక్కనివ్వకుండా, వేరే దారి కూడా చూపకపోతే ఆ రోజు కూడా సస్పెన్షన్ కిందే లెక్క. స్కూల్లోనే వేరే గదిలో కూర్చోబెట్టడం వేరు. అక్కడ వాడికి క్లాసు పాఠం, ఐఈపీ సేవలు, మామూలుగా ఉండే తోటిపిల్లల సాంగత్యం అందుతుంటే అది లెక్కలోకి రాదు. గోడకేసి చూస్తూ కూర్చోబెట్టారంటే మాత్రం లెక్కలోకి తెమ్మని అడగొచ్చు.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 1975లో మొదటి చట్టం వచ్చేనాటికి వైకల్యం ఉందన్న కారణంతో పూర్తిగా బడి బయటే ఉండిపోయిన పిల్లలు అమెరికాలో పది లక్షల మంది ఉన్నారని ఆ చట్టంలోనే రాసుకున్నారు. చట్టం వచ్చాక కూడా క్రమశిక్షణ పేరు చెప్పి పంపేయడం ఆగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 17 ఏళ్ల కుర్రాడొకడు, తోటి విద్యార్థి ఎగతాళి చేస్తే తట్టుకోలేక వాడి గొంతు పట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్తుంటే కిటికీ అద్దం తన్ని పగలగొట్టాడు. ముందు ఐదు రోజులన్నారు. తర్వాత శాశ్వతంగా పంపేసే విచారణ తేలేదాకా రావద్దన్నారు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎవరైనా రెచ్చగొడితే చెయ్యి చేసుకోకుండా తట్టుకోవడం నేర్పాలన్నది ఆ కుర్రాడి ఐఈపీలో ముందునుంచీ రాసి ఉన్న లక్ష్యం. అంటే ఏది నేర్పడానికి బడిలో చేర్చుకున్నారో, అది రాలేదనే బయటికి పంపారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వైకల్యం వల్ల వచ్చిన ప్రవర్తనకి, అది ప్రమాదకరమైనా సరే, స్కూలు ఏకపక్షంగా పిల్లల్ని బయట పెట్టేయడానికి వీల్లేదని 1988లో హోనిగ్ వర్సెస్ డో తీర్పు చెప్పింది. ఆ తర్వాత 1997లో, 2004లో చట్టాన్ని సవరించినప్పుడు ఇప్పటి క్రమశిక్షణ నియమాలకి రూపం వచ్చింది. అయినా 2018లో కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే జీఏఓ ఇచ్చిన నివేదిక చూస్తే, 2013-14 విద్యా సంవత్సరంలో వైకల్యమున్న పిల్లలు మొత్తం విద్యార్థుల్లో సుమారు 12 శాతం, సస్పెండైన వాళ్లలో మాత్రం సుమారు 25 శాతం. చట్టం ఉండగానే ఇలా ఉంది. అడిగే మనిషి లేకపోతే చట్టం పనిచెయ్యదు.

ఇక అసలు మీటింగు గురించి. దాన్ని మానిఫెస్టేషన్ డిటర్మినేషన్ అంటారు, స్కూళ్లలో ఎండీఆర్ అంటారు. ప్లేస్‌మెంట్ మార్చాలని స్కూలు నిర్ణయించిన 10 బడి రోజుల్లోగా జరగాలి. స్కూలు డిస్ట్రిక్ట్ ప్రతినిధి, మీరు, ఐఈపీ బృందంలో సంబంధమున్న వాళ్లు కూర్చుంటారు. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఐఈపీ బృందం అంటే ఏఆర్‌డీ కమిటీయే. అక్కడ తేలాల్సినవి రెండే ప్రశ్నలు. ఈ ప్రవర్తన బిడ్డ వైకల్యం వల్ల వచ్చిందా, లేదా దానితో నేరుగా, బలంగా ముడిపడి ఉందా? స్కూలు ఐఈపీని అమలు చేయకపోవడమే దీనికి నేరుగా దారితీసిందా? రెండింట్లో ఏ ఒక్కదానికి అవునని వచ్చినా ఆ ప్రవర్తన వైకల్యపు వ్యక్తీకరణే అని తేలినట్టు. అప్పుడు బిడ్డ తన క్లాసుకి తిరిగి వెళ్తాడు, మీరూ స్కూలూ కలిసి వేరేగా ఒప్పుకుంటే తప్ప. ప్రవర్తన వెనక కారణాన్ని అంచనా వేసి, దానికో ప్రణాళిక రాయడం కూడా స్కూలు బాధ్యత అవుతుంది. ప్రణాళిక ముందే ఉంటే దాన్ని తిరగరాయాలి.

మొదటి ప్రశ్న మీదే అందరూ వాదించుకుంటారు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నా సలహా, రెండోదానితోనే మొదలుపెట్టండి. ఉదాహరణకి రెండో తరగతి చదివే ఆటిజం పిల్లాణ్ణి తీసుకుందాం. స్కూలు రాసిన రిపోర్టులో ఒకే వాక్యం: "లంచ్‌లో తోటి విద్యార్థిని మొహం మీద కొట్టాడు." ఐఈపీ తీసి చూస్తే, లంచ్ గదిలో శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఇవ్వాలనీ, పక్కన ఒక సహాయకురాలు ఉండాలనీ, చెవులు మూసుకోవడం మొదలెడితే వెంటనే బయటికి నడిపించాలనీ ఉంటుంది. ఇప్పుడు అడగండి. ఆ రోజు సహాయకురాలు వచ్చారా? సెలవు పెడితే ఆవిడ స్థానంలో ఎవరున్నారు? హెడ్‌ఫోన్లు వాడి చెవులకున్నాయా, క్లాసు అలమరలో ఉన్నాయా? కొట్టడానికి ముందు ఐదు నిమిషాలు వాడేం చేస్తున్నాడు? ఈ ప్రశ్నలకి చాలాసార్లు గదిలో మౌనమే జవాబుగా వస్తుంది. హెడ్‌ఫోన్లు అలమరలో ఉండిపోయాయనీ, వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరాడనీ, ఇంకో పిల్లవాడు లాగబోతే చెయ్యి విసిరాడనీ తేలితే, తప్పు ఎక్కడుందో ఎవరూ వాదించక్కర్లేదు. ఈ వివరాలు దొరకాలంటే మీటింగుకి ముందే బిడ్డ రికార్డులన్నీ అడగాలి. సంఘటన రిపోర్టు, ఆ రోజు హాజరు, ఐఈపీ, ఉంటే బిహేవియర్ ప్లాన్, నర్సు రాసుకున్నవి, అన్నీ. ఐఈపీ మీటింగో విచారణో ఉంటే దానికి ముందే, అనవసరమైన జాప్యం లేకుండా, రికార్డులు చూపించాలని చట్టంలో ఉంది.

ఇక్కడ మన తెలుగు తల్లిదండ్రులకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మనం పంతుళ్ల ముందు వినయంగా ఉండేలా పెరిగినవాళ్లం. మీటింగులో కూర్చోగానే తండ్రి చేతులు కట్టుకుని, "వాడికి అన్నీ తెలుసండీ, కావాలనే చేస్తాడు, ఇంట్లో గట్టిగా మందలించాం" అంటాడు. తల్లి, "ఇంట్లో అస్సలు ఇలా చెయ్యడండీ" అంటుంది. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. మేం బాధ్యత గల మనుషులమని చెప్పుకోవడమే. కానీ ఆ రెండు మాటలూ మినిట్స్‌లోకి ఎక్కుతాయి. అన్నీ తెలిసి కావాలని చేశాడని కన్నతండ్రే అంటే, వైకల్యానికి సంబంధం లేదని చెప్పడానికి స్కూలుకి ఇంకేం కావాలి? దెబ్బ తగిలిన బిడ్డ గురించి బాధపడండి, ఆ తల్లిదండ్రులకి క్షమాపణ చెప్పండి, అది మన సంస్కారం. మీ బిడ్డ మనసులో ఉద్దేశం ఏమిటో మాత్రం మీరు తేల్చేయకండి. ఇంట్లో చూసినవి ఉన్నవున్నట్టు చెప్పండి: మిక్సీ వేస్తే పరిగెత్తి గదిలో దాక్కుంటాడు, పెళ్లికి తీసుకెళ్తే మేళం మొదలవగానే ఏడుస్తాడు, ఎవరైనా వెనక నుంచి ముట్టుకుంటే తోసేస్తాడు. "ఇంట్లో ఇలా చెయ్యడు" అన్నదానికీ ఒక కారణం ఉంటుంది. ఇంట్లో నాలుగొందల మంది పిల్లలు ఒకేసారి అన్నం తినరు.

సంతకం దగ్గర కూడా జాగ్రత్త. హాజరైనట్టు చేసే సంతకం వేరు, ఒప్పుకున్నట్టు చేసేది వేరు. అర్థం కాకపోతే ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ మాట మినిట్స్‌లో రాయమనండి. ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నాం కదా అని దుబాసీని అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆఫీసు ఇంగ్లీషు వేరు, బిడ్డ భవిష్యత్తు మీద జరిగే మాటల ఇంగ్లీషు వేరు. ఇంగ్లీషు మాతృభాష కాని తల్లిదండ్రులకి ఐఈపీ మీటింగులో జరుగుతున్నది అర్థమయ్యేలా చూడటం, అవసరమైతే దుబాసీని పెట్టడం స్కూలు బాధ్యత. తెలుగుకి దొరకరేమో అని మీరే సర్దుకుపోకండి, ముందుగా ఈమెయిల్లో అడగండి.

మూడు సందర్భాల్లో స్కూలుకి ఎక్కువ అధికారం ఉంది. బడికి ఆయుధం తేవడం, మత్తుమందులు దగ్గర ఉంచుకోవడం, వాడటం లేదా అమ్మడం, ఎవరికైనా తీవ్రమైన శారీరక హాని చేయడం. వీటిలో ఏది జరిగినా, మీటింగులో ఏం తేలినా సరే, 45 బడి రోజుల దాకా వేరే చోట పెట్టి చదువు చెప్పొచ్చు. తీవ్రమైన హాని అన్నదానికి చట్టంలో అర్థం చాలా కఠినంగా ఉంది: ప్రాణాపాయం, భరించలేనంత నొప్పి, చాలాకాలం స్పష్టంగా కనిపించే వికృతి, అవయవమో ఇంద్రియమో మెదడో చాలాకాలం సరిగా పనిచెయ్యకపోవడం. టీచరు చేతి మీద కొరికిన గాటు, బుగ్గ మీద గోటి గీత మామూలుగా ఆ స్థాయికి రావు. రెండున్నర అంగుళాల కంటే చిన్న బ్లేడున్న జేబుకత్తి కూడా ఈ నియమంలో ఆయుధం కాదు. టీచరుకి నొప్పి పుట్టలేదని నేననడం లేదు. పుట్టింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ నొప్పికి పరిష్కారం 45 రోజులు కాదు.

ప్రవర్తనకీ వైకల్యానికీ సంబంధం లేదని తేలితే మిగతా పిల్లలకి వేసే శిక్షే వెయ్యొచ్చు. అయినా చదువు ఆపకూడదు. మీకు ఆ నిర్ణయం నచ్చకపోతే త్వరిత విచారణ అడగొచ్చు. మీరు ఫిర్యాదు చేసిన 20 బడి రోజుల్లో విచారణ జరగాలి, అది అయిన 10 బడి రోజుల్లో తీర్పు రావాలి. అప్పటిదాకా బిడ్డ సాధారణంగా స్కూలు పంపిన ప్రత్యామ్నాయ చోటనే ఉంటాడని ముందే మనసుకి చెప్పుకోండి. ఐఈపీ కాకుండా 504 ప్లాన్ (వైకల్యం పేరిట వివక్ష చూపకూడదనే చట్టం కింద రాసే సదుపాయాల ప్రణాళిక) ఉన్న పిల్లలకి కూడా పెద్ద సస్పెన్షన్‌కి ముందు ఇలాంటి మీటింగే పెట్టాలి, రక్షణలు మాత్రం కాస్త పలుచన. చార్టర్ స్కూళ్లకి ఈ నియమాలన్నీ వర్తిస్తాయి. మీరే ఫీజు కట్టి చేర్పించిన ప్రైవేటు స్కూలుకి ఈ ఐడియా రక్షణలు రావు, చేర్చేముందు ఆలోచించుకోండి.

ఇప్పుడు ఐఈపీ లేని పిల్లల గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇదే. టీచరు పిలిచి, ఒకసారి పరీక్ష చేయిద్దాం అంటుంది. ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "మీ ఆయనా చిన్నప్పుడు ఇంతేనమ్మా, నాలుగేళ్లదాకా మాటే రాలేదు, ఇప్పుడు చూడు" అంటారు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అన్న భయం, ముద్ర పడిపోతుందన్న దిగులు, వీసా మీద ఏమైనా ప్రభావం ఉంటుందేమోనన్న అనుమానం. పరీక్ష వద్దని సంతకం పెట్టి పంపేస్తారు. చట్టం ఏం చెబుతుందో వినండి. గుర్తింపు రాని పిల్లవాడికి కూడా ఈ రక్షణలన్నీ దొరుకుతాయి, వాడికి వైకల్యం ఉందని స్కూలుకి ముందే తెలిసి ఉంటే. తెలిసినట్టు ఎప్పుడంటే: మీరు ప్రత్యేక విద్య అవసరమేమో అని టీచరుకో అధికారికో రాతపూర్వకంగా చెప్పినప్పుడు, పరీక్ష చేయమని అడిగినప్పుడు, లేదా ఒక టీచరు ఫలానా ప్రవర్తన చూసి ఆందోళనగా ఉందని పై అధికారులకి చెప్పినప్పుడు. అయితే మీరు పరీక్ష వద్దన్నా, సేవలు వద్దన్నా ఈ దారి మూసుకుపోతుంది. ముద్ర పడకూడదని వెనక్కి పంపిన ఆ కాగితమే, రెండేళ్ల తర్వాత సస్పెన్షన్ నాడు మీ బిడ్డకి అడ్డుగా నిలుస్తుంది. పరీక్ష చేయించడానికి మీకు పైసా ఖర్చు లేదు. వీసా సంగతికొస్తే, పిల్లల ఇమ్మిగ్రేషన్ స్థితి కారణంగా ప్రభుత్వ బడిలోకి రానివ్వకపోవడం కుదరదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. ఐడియా హక్కులు కూడా వీసా చూసి ఇచ్చేవి కావు.

శిక్ష గురించి కూడా ఒక మాట. లంచ్ గది శబ్దం భరించలేని పిల్లవాడు ఒకరోజు కొట్టాడు, ఇంటికి పంపారు. ఇంట్లో నిశ్శబ్దం, తన మంచం, అమ్మ చేతి పెరుగన్నం. మర్నాడు శబ్దం మొదలవగానే వాడికి దారి తెలిసిపోయింది. మనం శిక్ష అనుకున్నది వాడికి ఉపశమనం. ప్రవర్తన అంచనా అనేది సరిగ్గా దీన్ని పట్టుకోవడానికే: కొట్టడానికి ముందు ఏం జరిగింది, కొట్టాక వాడికి ఏం దక్కింది. అది తెలిస్తే, కొట్టకుండా అదే పొందే దారి నేర్పొచ్చు. బల్ల మీద ఒక ఎర్ర కార్డు పెట్టి, అది చూపిస్తే చాలు ఐదు నిమిషాలు బయట నడిపిస్తామని చెప్పి, చెప్పినట్టు చెయ్యడం. అందుకే స్కూల్లో శిక్ష అయ్యాక ఇంట్లో ఇంకో శిక్ష వెయ్యకండి. పొద్దున పదకొండుకి జరిగినదానికి రాత్రి ఏడుకి ఐప్యాడ్ లాక్కుంటే, ఆ రెంటికీ ఉన్న ముడి చాలామంది పిల్లలకి తెలియదు.

సాయం కావాలంటే ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంటుంది, ఫెడరల్ నిధులతో నడుస్తుంది. న్యూజెర్సీలో స్పాన్, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, మిన్నెసోటాలో పేసర్ అలాంటివే. అక్కడ మాట్లాడేవాళ్లలో చాలామంది మనలాంటి తల్లిదండ్రులే. మీటింగుకి తోడుగా మీకు నచ్చినవాళ్లని తీసుకెళ్లొచ్చు. పక్కింటి స్నేహితురాలైనా సరే, ఆవిడ పని జరిగింది జరిగినట్టు రాసుకోవడం.

సస్పెన్షన్ ముగిసి బిడ్డ మళ్లీ బడికి వెళ్లే ముందురోజు ఒక చిన్న మీటింగు అడగండి, పావుగంట చాలు. వాడు రాగానే ఎవరు ఎదురొస్తారు, లంచ్‌లో ఎవరుంటారు, సహాయకురాలు సెలవు పెడితే ఎవరొస్తారు, హెడ్‌ఫోన్లు ఎవరి బాధ్యత. పేర్లు అడిగి రాసుకోండి. "చూసుకుంటాంలెండి" అని ఎవరైనా అంటే, "ఎవరు చూసుకుంటారండీ?" అని నవ్వుతూనే మళ్లీ అడగండి.